600 లైన్ల పర్మిషన్ మిడిల్‌వేర్‌ని ఎక్కడి నుంచి విప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బస్ టికెట్లు అమ్మే వెబ్ సర్వీసు, నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్టు నడిపేది) మీద ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో రాసింది, 5 ఏళ్లుగా నడుస్తోంది. రిక్వెస్టుతో వచ్చిన టోకెన్ (పంపింది ఎవరో చెప్పే గుర్తింపు చీటీ) చూసి ఎవరిని ఏ పని చేయనివ్వాలో తేల్చే మిడిల్‌వేర్, అంటే అసలు పనికి ముందు నడిచే కోడ్, ఒకే ఫైల్లో 600 లైన్లకి పెరిగింది. మొదట్లో ఇచ్చిన ఏపీఐ కీలు, తర్వాత వచ్చిన రోల్ (ఏజెంట్, అడ్మిన్ లాంటి హోదా) ఉన్న జేడబ్ల్యూటీలు (సంతకం చేసిన టోకెన్లు), ఈ మధ్య మొదలైన స్కోపులు (ఏయే పనులు చేయొచ్చో చెప్పే మాటలు) ఉన్న జేడబ్ల్యూటీలు, మూడింటి సంగతీ అందులోనే తేలాలి. అది చాలదన్నట్టు అసలు పని చేసే ఫంక్షన్లలో, అంటే హ్యాండ్లర్లలో, అక్కడక్కడా ఇంకొన్ని ఇఫ్‌లు. పర్మిషన్లన్నీ టోకెన్‌లోనే పెట్టేసి, ఒకే ఒక్క ఫంక్షన్‌తో చెక్ చేసేలా రెండు వారాల్లో తిరగరాద్దామనుకుంటున్నారు. ఇది సరైన దారేనా, ఏం విరుగుతుంది అని అడిగారు.

ఒకే ఫంక్షన్ అన్న ఆలోచన సగం మంచిది. పర్మిషన్లన్నీ టోకెన్‌లో పెట్టడం వద్దు. రెండు వారాల్లో కోడ్ రాసేయగలరు, కానీ రెండు వారాల్లో స్విచ్ చేయకండి.

ఆ 600 లైన్లంటే 5 ఏళ్లలో మీ కంపెనీ తీసుకున్న నిర్ణయాలు. అవి ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా రాసి ఉండవు. "ఏజెంట్ రీఫండ్ ఇవ్వొచ్చా?" అని అడిగి చూడండి. ప్రొడక్ట్ వాళ్లు ఒకటి చెప్తారు, సపోర్ట్ వాళ్లు ఇంకోటి చెప్తారు, మిడిల్‌వేర్ మూడోది చేస్తూ ఉంటుంది. వాడేవాళ్లు అలవాటు పడింది ఆ మూడోదానికే. అందుకే కోడ్ మీద చెయ్యి వేసే ముందు ఆ మూడోది ఏంటో కాగితం మీదకి తెచ్చుకోవాలి.

దానికి నేను చేసేది మొరటు పని. రూట్ల (సర్వీసు జవాబిచ్చే అడ్రసులు) లిస్టు తీస్తాను. రకరకాల టోకెన్లు తీసుకుంటాను: ప్యాసింజర్, ఏజెంట్, ఆపరేటర్, అడ్మిన్, పాత ఏపీఐ కీ, గడువు తీరిన టోకెన్, అసలు టోకెన్ లేకుండా. ఒక స్క్రిప్టు రాసి టెస్ట్ సర్వర్ మీద ప్రతి రూట్‌నీ ప్రతి టోకెన్‌తో కొట్టి, వచ్చిన స్టేటస్ కోడ్ (సరే, కాదు అని సర్వర్ చెప్పే అంకె) మాత్రం షీట్‌లో రాయిస్తాను. 80 రూట్లూ 7 రకాల కాలర్లూ ఉంటే 560 గళ్లు. టికెట్‌ లాంటివాటి మీద పనిచేసే రూట్లను రెండుసార్లు కొట్టాలి, ఒకసారి తన టికెట్‌తో, ఒకసారి పక్కవాడి టికెట్‌తో. షీట్ తయారయ్యాక ప్రొడక్ట్ వాళ్లతో కూర్చుని వింతగా ఉన్న గళ్లకి రంగు వేయండి. ప్రతి రంగు గడికీ ఒకటే ప్రశ్న: ఇది కావాలని పెట్టిందా, పొరపాటున ఉండిపోయిందా? రీఫ్యాక్టరింగ్‌లో (పని మారకుండా కోడ్ మాత్రం తిరగరాసేటప్పుడు) పొరపాట్లని కూడా ఉన్నవి ఉన్నట్టే కొత్త కోడ్‌లోకి తీసుకెళ్లండి, దిద్దుబాటు తర్వాత విడిగా చేయండి. రెండూ కలిపి చేస్తే ఏది మీరు మార్చింది, ఏది విరిగింది అన్నది వారం తర్వాత మీకే తెలీదు.

మీరు పెట్టిన కోడ్ ముక్కలో రెండు చోట్ల మాత్రం ఈ రూల్ పక్కన పెట్టాలి. అవి భద్రతలో రంధ్రాలు.

మొదటిది స్కోపు చెక్. రోల్ టోకెన్ల కాలంలో పర్మిషన్లు అర్రేగా (విడివిడి మాటల లిస్టుగా) వచ్చేవి. దాని మీద ఇన్‌క్లూడ్స్ అని పిలిచి చూసేవాళ్లు. అదే లైను కొత్త టోకెన్లకీ వాడేశారు. కానీ అనుమతులు ఇచ్చే ప్రమాణం ఓఆథ్ 2.0, అంటే 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6749 అనే పత్రం, స్కోపులని మధ్యలో ఖాళీలు పెట్టిన ఒకే స్ట్రింగుగా రాయమంటుంది. టోకెన్లు ఇచ్చే మీ ఐడెంటిటీ సర్వర్ అలాగే పంపుతోంది. జావాస్క్రిప్టులో ఇన్‌క్లూడ్స్ అర్రేకీ ఉంది, స్ట్రింగుకీ ఉంది. అందుకే ఎర్రర్ రాలేదు. అర్రే మీదైతే మాట మొత్తం సరిపోవాలి, స్ట్రింగు మీదైతే ఎక్కడో ఒక ముక్క తగిలితే చాలు. మీ కౌంటర్ ఏజెంట్లకి ఉన్న స్కోపు "టికెట్:క్యాన్సిల్-రిక్వెస్ట్", అంటే రద్దు చేయమని అడగడం వరకే. రద్దు చేసే రూట్ వెతికేది "టికెట్:క్యాన్సిల్". రెండోది మొదటిదాని లోపలే ఉంది కదా! అడగడానికి మాత్రమే హక్కున్న ఏజెంటు ఇవాళ నేరుగా రద్దు చేసేయగలడు. స్క్రీన్ మీద బటన్ లేదు కాబట్టి ఇంకా ఎవరికీ తట్టలేదు, అంతే.

రెండోది "పాత్ స్లాష్ అడ్మిన్‌తో మొదలైతే అడ్మిన్ రోల్ చూడు" అన్న లైను. చదివితే తప్పేమీ కనిపించదు. కానీ ఎక్స్‌ప్రెస్ డిఫాల్ట్‌గా రూట్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. ఆ లైన్లో "మొదలైతే" అని చూసే మీ స్టార్ట్స్‌విత్ పట్టించుకుంటుంది. ఎవరైనా అడ్మిన్‌లో మొదటి అక్షరం క్యాపిటల్ కొట్టారనుకోండి, మీ మిడిల్‌వేర్ "ఇది అడ్మిన్ పాత్ కాదు" అని వదిలేస్తుంది, రౌటర్ మాత్రం చక్కగా అడ్మిన్ హ్యాండ్లర్‌కే చేరుస్తుంది. పాత్‌ని మీరు ఒకలా, రౌటర్ ఇంకోలా చదువుతున్నంత కాలం ఇలాంటివి వస్తూనే ఉంటాయి. లోయర్‌కేస్ చేసి సరిపెట్టుకుంటే రేపు ఇంకేదో తేడాతో ఇంకొకటి దొరకొచ్చు. పాత్ చూసి పర్మిషన్ ఊహించడమే మానేయాలి.

మరి కొత్తది ఎలా ఉండాలి? మీరు ఒక ఫంక్షన్ అన్నారు. నేను మూడంటాను, ఎందుకంటే అక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి.

హైదరాబాద్‌లో సిటీ బస్సు ఎక్కేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గడువు తీరిన పాస్ చూపిస్తే కండక్టర్ ఒప్పుకోడు. అది 401, "నువ్వెవరో ముందు తేల్చుకుని రా" అని. పాస్ బాగానే ఉంది గానీ ఆర్డినరీ పాస్‌తో మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కారు, అది 403, "నువ్వెవరో తెలుసు, ఈ బండి నీది కాదు" అని. ఇక పాసూ సరైనదే, బండీ సరైనదే, కానీ రిజర్వ్ చేసిన వేరేవాళ్ల సీట్లో కూర్చున్నారు. ఇది మూడో సంగతి. పాస్ ఎంతసేపు చూసినా తేలదు, సీటు చూడాలి. మీ ఫైల్లో ఈ మూడూ ఒకే ఇఫ్‌లో కలిసిపోయి ఉన్నాయి. గడువు తీరినా 403 ఇస్తున్న రూట్లు మీకు కనీసం కొన్ని ఉంటాయి. మొబైల్ యాప్ 401 వస్తేనే కొత్త టోకెన్ తెచ్చుకుంటుంది కాబట్టి అక్కడ యూజర్ ఇరుక్కుపోతాడు.

మొదటి పొర టోకెన్‌ని మనిషిగా మార్చాలి, అంతకుమించి ఏమీ చేయకూడదు. మూడు రకాల టోకెన్లకి మూడు చిన్న అడాప్టర్లు. ఏది వచ్చినా బయటికి ఒకే ఆకారం రావాలి: ఐడీ, రకం, ఏ ఆపరేటర్ సంస్థకి చెందినవాడు, పర్మిషన్ల సెట్. స్కోపు స్ట్రింగుని ఖాళీల దగ్గర విడగొట్టి సెట్ చేయడం ఇక్కడ ఒక్కచోటే జరగాలి, ఆ తర్వాత కోడ్‌లో ఇంకెవరూ పచ్చి టోకెన్ ముఖం చూడకూడదు. సంతకం, గడువు, ఇష్యూయర్ (ఎవరిచ్చారు), ఆడియన్స్ (ఎవరికోసం ఇచ్చారు) ఇక్కడే తేలాలి. ఏ అల్గారిదమ్‌లు ఒప్పుకుంటారో మీరే లిస్టు ఇవ్వండి, టోకెన్ హెడర్ ఏం చెప్తే అది నమ్మొద్దు. "ఆల్గ్ నన్" (సంతకమే లేదు) అని రాసుకొచ్చిన టోకెన్లని లైబ్రరీలే ఒప్పుకున్న రోజులున్నాయి. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8725 ఇలాంటివన్నీ ఒకచోట పెట్టింది, చిన్నదే, ఒకసారి చదవండి.

రెండో పొర రూట్‌కి పర్మిషన్. దీన్ని రూట్ రాసే చోటే రాయాలి, ఇంకో ఫైల్లో ఉన్న పాత్‌ల పట్టికలో కాదు. నేనైతే యాప్ డాట్ గెట్, యాప్ డాట్ పోస్ట్ నేరుగా పిలవడం ఆపేయిస్తాను. ఒక చిన్న ర్యాపర్ పెట్టి, పర్మిషన్ ఇవ్వకుండా రూట్ రిజిస్టర్ చేయబోతే సర్వర్ స్టార్టే కాకుండా ఎర్రర్ వేయిస్తాను. లాగిన్, హెల్త్ చెక్ లాంటివాటికి "పబ్లిక్" అని నోరు విప్పి చెప్పాలి. కంప్యూటర్ భద్రత మీద రాసిన సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే చెప్పిన మాట ఇది: అనుమతి ఉందని తెలిస్తేనే ఇవ్వు, లేదంటే లేదు. మీ ఫైల్ చివరి లైను చూడండి, ఏ ఇఫ్ తగలకపోతే నెక్స్ట్ పిలిచి రిక్వెస్టుని ముందుకి వదిలేస్తోంది. అంటే కొత్తగా చేరిన కుర్రాడు రూట్ వేసి మిడిల్‌వేర్‌లో చెప్పడం మర్చిపోతే ఆ రూట్ ఊరందరికీ తెరిచినట్టే. ఎర్రర్ పట్టుకునే క్యాచ్ బ్లాకులో కూడా నెక్స్ట్ ఉంది. డేటాబేస్ పడిపోయిన 5 నిమిషాలూ మీ సర్వీసులో అందరూ అడ్మిన్లే! అక్కడ 503 (సర్వీసు ఇప్పుడు అందుబాటులో లేదు) ఇచ్చి ఆపేయాలి. ఇంకో మాట, మీరు ఎక్స్‌ప్రెస్ 4 మీద ఉన్నారు. ఎసింక్ మిడిల్‌వేర్‌లో పడ్డ ఎర్రర్ దానంతట అది ఎర్రర్ హ్యాండ్లర్‌కి పోదు, మీరే పంపాలి. 5వ వెర్షన్‌లో పోతుంది.

మూడో పొర సీటు సంగతి. ఈ ఏజెంటు ఈ టికెట్ రద్దు చేయొచ్చా అన్నది టికెట్ తెరిచి చూస్తే గానీ తెలీదు, కాబట్టి అది మిడిల్‌వేర్ పని కాదు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ వాళ్ల ఏపీఐ లోపాల లిస్టులో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం దీనిదే. రూట్‌కి పర్మిషన్ ఉందా అని చూసి, ఆ వస్తువు ఎవరిదో చూడకుండా వదిలేయడం. నాకు నచ్చే పద్ధతి క్వెరీలోనే పెట్టేయడం. టికెట్ ఐడీతో పాటు ఆపరేటర్ ఐడీ కూడా క్వెరీ షరతులో (వేర్‌లో) ఉంటే పక్కవాడి టికెట్ అసలు దొరకదు, 404 వస్తుంది. "ఉంది గానీ నీది కాదు" అని చెప్పడం కంటే అదే నయం, హెచ్‌టీటీపీ స్పెసిఫికేషన్ కూడా ఒప్పుకుంటుంది. హ్యాండ్లర్లలో చెల్లాచెదురుగా ఉన్న ఇఫ్‌లలో చాలావరకు ఈ బాపతే అయి ఉంటాయి. వాటిని మిడిల్‌వేర్‌లోకి లాక్కురావద్దు, సర్వీసు పొరలోకి దించండి.

మిడిల్‌వేర్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదనడానికి 2025 మార్చిలో నెక్స్ట్ జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో బయటపడిన లోపం చాలు. ఫ్రేమ్‌వర్క్ తనలో తాను వాడుకునే ఒక హెడర్‌ని బయటి నుంచి పంపితే మిడిల్‌వేర్ మొత్తం దాటుకుని పోయేది. పర్మిషన్ చెక్ అక్కడ మాత్రమే పెట్టుకున్నవాళ్లకి వెనక ఇంకేం మిగల్లేదు.

ఇక టోకెన్‌లో పర్మిషన్లన్నీ పెట్టడం గురించి. ఇది నేను చేసి దెబ్బతిన్న పని, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒక లాజిస్టిక్స్ కంపెనీలో డిపోల వారీగా పర్మిషన్లు ఉండేవి. ప్రతిసారీ డేటాబేస్‌కి పోవడం ఎందుకని, అన్ని డిపోల పర్మిషన్లూ జేడబ్ల్యూటీలో పెట్టేశాం. టెస్ట్ అకౌంట్లకి మూడేసి డిపోలు, అంతా బాగుంది. శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేశాం (ఇది మొదటి తప్పు). సోమవారం పొద్దున గుమాస్తాలందరూ లాగిన్ అవుతున్నారు, రీజనల్ హెడ్ ఒక్కడే కాలేకపోతున్నాడు. ఆయన కింద రాష్ట్రంలోని డిపోలన్నీ ఉన్నాయి. టోకెన్ 8 కేబీ దాటింది. అప్లికేషన్ ముందు ఉండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ ఒక హెడర్ లైనుకి (టోకెన్ వచ్చేది అందులోనే) డిఫాల్ట్‌గా ఇచ్చే బఫర్ 8 కేబీ. అది 400 ఇచ్చి వెనక్కి పంపేస్తోంది. మేమేమో అప్లికేషన్ లాగుల్లో రెండు గంటలు వెతికాం. అక్కడ ఒక్క లైను లేదు, రిక్వెస్టు మా దాకా వస్తేగా! ఎన్‌జిన్ఎక్స్ లిమిట్ పెంచి ఆ రోజు గట్టెక్కాం, కానీ దాని వెనకే నోడ్ లిమిట్ ఉంటుంది, మొత్తం హెడర్లకి 16 కేబీ.

సైజు కంటే పెద్ద చిక్కు పాతబడిపోవడం. పొద్దున 10 గంటలకి ఒక ఏజెంటుని తీసేశారు, టోకెన్ గడువు రాత్రి 10 దాకా ఉంది. సంతకం సరైనదే, కాబట్టి 12 గంటలు అతను మీ ఏజెంటే. ఇచ్చేసిన జేడబ్ల్యూటీని వెనక్కి తీసుకోలేం. మీ సర్వీసుకి నేను చెప్పేదేంటంటే, టోకెన్‌లో ఐడీ, సంస్థ, రోల్ లేదా నాలుగైదు మోటు స్కోపులు మాత్రం పెట్టండి. ఏ రోల్‌కి ఏ పర్మిషన్లో సర్వీసులోనే ఒక మ్యాప్‌లో ఉంచండి. యాక్సెస్ టోకెన్ 10, 15 నిమిషాలకి మించొద్దు. రీఫండ్, ఆపరేటర్‌కి డబ్బు పంపడం, కొత్త ఏజెంటుని చేర్చడం, ఈ మూడింటికీ టోకెన్ మాట వినకుండా డేటాబేస్‌లో అప్పటికప్పుడు చూడండి. డబ్బు కదిలే చోట ఒక క్వెరీ ఖర్చు గురించి ఆలోచించొద్దు. పాలసీ ఇంజన్లు, గూగుల్ జాంజిబార్ తరహా సంబంధాల గ్రాఫులు, ఇలాంటి పెద్ద పర్మిషన్ వ్యవస్థలన్నీ ఎవరో ఒకరు చెప్తారు. ఐదు రోల్‌లకి అవి అక్కర్లేదు.

ఇప్పుడు మార్పిడి. నా లెక్కలో మొత్తం పనిలో బరువైన భాగం ఇదే. యూనిట్ టెస్టులు మీకు గుర్తొచ్చిన కేసులనే చూస్తాయి, మర్చిపోయిన కేసు ప్రొడక్షన్‌లో కూర్చుని ఉంటుంది. అందుకే కొత్త కోడ్‌ని పాతదాని పక్కన నీడలా నడపాలి. ప్రతి రిక్వెస్టుకీ రెండూ తీర్పు చెప్తాయి, చెల్లేది పాతదాని మాట. తేడా వచ్చినప్పుడు మాత్రం లాగ్ చేయండి: ఏ రూట్, ఏ రకం కాలర్, పాతది ఏమంది, కొత్తది ఏమంది, ఎందుకంది. టోకెన్‌ని మాత్రం లాగులో రాయకండి, లాగులు చదివేవాళ్లందరికీ తాళం ఇచ్చినట్టవుతుంది. గిట్‌హబ్ వాళ్లు రూబీలో ఇలాంటి పనికే సైంటిస్ట్ అని ఒక లైబ్రరీ విడుదల చేశారు. దాని రీడ్‌మీలో మొదటి ఉదాహరణే పర్మిషన్లు మార్చడం. నోడ్‌లో మీకు లైబ్రరీ కూడా అక్కర్లేదు, 20, 30 లైన్లలో అయిపోతుంది.

ఒక జాగ్రత్త. పాత మిడిల్‌వేర్ చెక్ మాత్రమే చేస్తుందనుకుంటున్నారు. ఫైలు మళ్లీ ఒకసారి చదవండి. 300వ లైను దాటాక ఎక్కడో చివరిసారి వచ్చిన టైము డేటాబేస్‌లో రాస్తుంటుంది. ఏపీఐ కీ వాడకం లెక్క పెంచుతుంటుంది. రిక్వెస్టు మీద ఆపరేటర్ ఐడీ అతికిస్తుంటుంది, దాని మీద పది హ్యాండ్లర్లు ఆధారపడి ఉంటాయి. ఇవి ముందే బయటికి తీసి వేరే మిడిల్‌వేర్‌లో పెట్టండి. లేకపోతే నీడలో నడిపినప్పుడు లెక్కలు రెట్టింపవుతాయి, పాతది తీసేసిన రోజు ఆపరేటర్ ఐడీ అండిఫైన్డ్ అవుతుంది. కొత్త కోడ్‌లో ఎర్రర్ పడితే అది కూడా ఒక తేడాగా లాగ్ అవ్వాలి, రిక్వెస్టుని చంపకూడదు.

తేడాలు రెండు రకాలు, రెండింటినీ ఒకే గ్రాఫులో వేయకండి. పాతది సరేనంది, కొత్తది వద్దంది: దీనివల్ల సపోర్ట్‌కి ఫోన్లొస్తాయి. పాతది వద్దంది, కొత్తది సరేనంది: దీనివల్ల ఎవరూ ఫోన్ చేయరు, దొరికినవాడు వాడుకుంటాడు. రెండోదాని లెక్క సున్నా అయ్యేదాకా స్విచ్ మాటే ఎత్తొద్దు.

ఎన్ని రోజులు నడపాలి? రెండు వారాలు చాలవన్నది ఇందుకే. మీ ఆపరేటర్ల సెటిల్‌మెంట్ జాబ్ నెలకొకసారి, పాత ఏపీఐ కీతో నడుస్తుందని మీరే రాశారు. ఒక నెలాఖరు దాటకుండా ఆ కాలర్ నీడలోకే రాడు. పండగ స్పెషల్ సర్వీసులకి వేరే అకౌంట్లు తెరిచే అలవాటుంటే వాటి టోకెన్లతో షీట్ ముందే నింపుకోండి, సంక్రాంతి దాకా ఆగలేరు కదా. జనవరి రెండో వారంలో మాత్రం దీన్ని ముట్టుకోకండి, ఎంత సున్నా ఉన్నా సరే.

తర్వాత రూట్ల గుంపుల వారీగా ఫ్లాగ్ (పాతదా కొత్తదా అని చెప్పే స్విచ్) తిప్పండి. ముందు చదివే రూట్లు, తర్వాత బుకింగ్, ఆఖర్న రీఫండ్. తిప్పాక కూడా ఒక వారం పాతదాన్ని నీడలో ఉంచండి, ఈసారి మాట కొత్తదానిది. వారం అయ్యాక పాత ఫైల్ డిలీట్ చేయండి. "ఎందుకైనా మంచిది, ఉండనీ" అని ఉంచితే ఆర్నెల్లకి దాంట్లో ఎవరో ఇంకో ఇఫ్ కలుపుతారు.

టెస్టుల గురించి ఒక్క మాట. మొదట్లో తయారుచేసిన షీటే మీ టెస్ట్. సీఎస్వీ ఫైల్‌గా కోడ్ రెపోలో పెట్టి సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు తనంతట తాను నడిపేది) నడపండి. 200 వచ్చే గళ్ల కంటే 403 రావాల్సిన గళ్లే ఎక్కువ ఉండాలి.

పైన చెప్పిన రెండు రంధ్రాలు దీనికోసం ఆగకూడదు. స్కోపు స్ట్రింగుని విడగొట్టే రెండు లైన్లు, అడ్మిన్ రౌటర్ మీదే నేరుగా రోల్ చెక్ అతికించే ఒక లైను, ఇవాళే విడిగా రిలీజ్ చేయండి. చేశాక యాక్సెస్ లాగులు ఉన్నంత వెనక్కి వెళ్లి, అడ్మిన్ పాత్‌లో క్యాపిటల్ అక్షరాలతో వచ్చిన రిక్వెస్టులు, ఏజెంటు టోకెన్‌తో జరిగిన రద్దులు వెతకండి. ఒక్కటి దొరికినా అది రీఫ్యాక్టరింగ్ టికెట్ కాదు, సెక్యూరిటీ టీమ్‌కి వెళ్లాల్సిన సంగతి.